విడియా ముక్క – చవకా, ఖరీదా?

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాసిమ్మని కార్యదర్శిగారు అడిగినప్పుడు, గోలకొండ గురించో ఓరుగల్లు గురించో ఇస్తాననుకుని ఉంటారు. ఆ పనికి మనలో రిటైరైన చరిత్ర మాస్టర్లు చాలామందే ఉన్నారు. నేను రాయదలచుకున్నది బొటనవేలి గోరంత ముక్క చరిత్ర. లేతు మిషను మీద ఇనుమును చెక్కే కార్బైడు ముక్క అది. మన వర్క్‌షాపుల్లో దాన్ని ‘విడియా’ అంటారు.

ఈ విషయమే ఎందుకంటే, మన సభ్యుల్లో గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము పెట్టి కొడుక్కో అల్లుడికో లేతు షాపు పెట్టించినవారు కొందరున్నారు. నెలవారీ సమావేశంలో టీ తాగే వేళ వారు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. “చైనా టిప్పులు నాలుగో వంతు ధరకే దొరుకుతున్నాయట. మావాడు డబ్బాలు డబ్బాలు కొంటానంటున్నాడు. కొననివ్వమంటారా, వద్దనమంటారా?” నన్ను అడగడానికి కారణం నేను లేతు తిప్పినవాణ్ణని కాదు. పరిశ్రమల శాఖలో 1975 నుంచి 2009 వరకు గుమాస్తాగిరీ చేశాను. అందులో చాలా ఏళ్ళు దిగుమతి దరఖాస్తుల ఫైళ్ళు నా బల్ల మీదుగానే నడిచాయి. పైగా మా తమ్ముడి కొడుక్కి బాలానగర్‌లో రెండు లేతుల షాపుంది. వాడి జమాఖర్చుల పుస్తకం ఇప్పటికీ నేనే రాస్తాను.

కొనవచ్చు, అయితే ఏ పనికి వాడతాడో చూసుకుని కొనాలి అన్నది నా జవాబు. ఇది గోడమీది పిల్లి వాటంలా వినబడుతుందని నాకు తెలుసు. కాని ఈ ముక్క ధర పుట్టినప్పటినుంచీ దాని లోపలి సరుకును బట్టి నడవలేదు. అమ్మకం ఎవరి గుప్పిట్లో ఉందో దాన్నిబట్టి నడిచింది. అందుకని ఖరీదైనది గనక మంచిదనీ, చవకది గనక చెత్త అనీ కళ్ళు మూసుకుని అనడానికి వీల్లేదు. ఆ కథ కొంచెం మొదటినుంచి చెప్పాలి.

లేతు చూడని ఇంటివారి కోసం రెండు మాటలు. కుమ్మరి సారె అడ్డంగా తిరిగితే ఎలా ఉంటుందో లేతు అలా ఉంటుంది. ఇనుప కడ్డీని ఒక చివర చక్కులో బిగించి గిరగిరా తిప్పుతారు. పక్కనుంచి ఒక పదునైన పనిముట్టును దానికి ఆనిస్తే పైపొర చుట్టలు చుట్టలుగా లేచిపోతుంది. మోటారు షాఫ్టు, బోరు పంపు బుష్షు, ట్రాక్టరు పిన్ను, చెరకు మిల్లు రోలరు అన్నీ అలా తయారైనవే. ఇనుమును కోయాలంటే ఇనుముకన్నా గట్టిది కావాలి. గట్టిదనం ఒక్కటే చాలదు. రాపిడికి పుట్టే వేడిలో కూడా ఆ గట్టిదనం నిలవాలి. చిక్కంతా ఇక్కడే వచ్చింది.

నూటయాభై ఏళ్ళ క్రితం దాకా పనిముట్లన్నీ మామూలు కార్బను ఉక్కుతో చేసినవే. మంచి ఉక్కు విషయంలో మన ప్రాంతం ఎవరికీ తీసిపోలేదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్దపు ఆంగ్లేయులు రాసిపెట్టారు. ‘వూట్జ్’ అని వారు పిలిచిన ఈ దక్షిణాది ఉక్కును లండనులో జేమ్స్ స్టోడార్ట్, మైకేల్ ఫారడే 1820 ప్రాంతంలో పరీక్షించారు. విద్యుత్తు పాఠంలో మనం చదువుకున్న ఫారడేనే ఆయన. అయితే ఎంత మేలైన కార్బను ఉక్కు అయినా సుమారు 250 డిగ్రీల వేడికి మెత్తబడిపోతుంది. కనుక లేతును నెమ్మదిగా తిప్పుకోవలసిందే.

1868లో ఇంగ్లండులో రాబర్ట్ మషెట్ ఉక్కులో టంగ్‌స్టన్ కలిపి కొంత ముందుకు వెళ్ళాడు. తర్వాత అమెరికాలో బెత్లెహామ్ ఉక్కు కర్మాగారంలో ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్ 1898–1900 మధ్య ఆ ఉక్కును కరిగే వేడికి దగ్గరదాకా కాల్చి చల్లార్చే పద్ధతి కనిపెట్టారు. అదే హైస్పీడ్ స్టీలు, మన షాపుల్లో హెచ్.ఎస్.ఎస్. బిట్టు. 1900 పారిస్ ప్రదర్శనలో ఆ పనిముట్టు మొన ఎర్రగా కాలుతూనే ఇనుమును కోస్తుంటే జనం గుడ్లప్పగించి చూశారట. ఈ టేలరు మనకు కొత్తవాడేమీ కాదు. ఒకప్పుడు మన ఆఫీసులకు వర్క్ స్టడీ బృందాలు వచ్చి, ఒక గుమాస్తా రోజుకు ఎన్ని కాగితాలు కదిలిస్తాడో గడియారం పెట్టి లెక్కగట్టేవి. ఆ విద్యకు ఆదిగురువు ఆయనే. మనల్ని లెక్కపెట్టడానికి చాలాకాలం ముందే ఆయన ఇనుప చుట్టల్ని లెక్కపెట్టాడు. 26 ఏళ్ళపాటు ముప్పైవేలకు పైగా ప్రయోగాలు చేసి, 8 లక్షల పౌన్ల, అంటే సుమారు 360 టన్నుల ఇనుమును చుట్టలు చేశాడు. వేగం కాస్త పెంచితే పనిముట్టు ఆయుష్షు చాలా తగ్గుతుందన్న సూత్రం ఆయన తేల్చినదే. రెండు టిప్పుల్ని పోల్చిచూసేవారు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ఒకదాన్ని ఒక వేగంలో, రెండోదాన్ని మరో వేగంలో నడిపి ‘ఇది మంచిది, అది చెడ్డది’ అంటే అర్థం లేదు.

ఇక అసలు కథానాయకుడి విషయం. కార్బైడు ముక్క లేతు కోసం పుట్టలేదు, కరెంటు బల్బు కోసం పుట్టింది. బల్బులోని టంగ్‌స్టన్ తీగను వెంట్రుకంత సన్నగా లాగడానికి వజ్రానికి రంధ్రం పెట్టి అందులోంచి లాగేవారు. వజ్రాలు ఖరీదు. వాటికి బదులు ఏదైనా దొరుకుతుందేమోనని జర్మనీలో ఓస్రామ్ బల్బుల కంపెనీవారు వెతికారు. టంగ్‌స్టన్ కార్బైడు అనే పదార్థం వజ్రానికి దాదాపు సాటివచ్చే గట్టిదని అప్పటికే తెలుసు. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్రీ మొయసాఁ 1890లలోనే దాన్ని విద్యుత్ కొలిమిలో తయారుచేశాడు. కాని అది గాజులా పెళుసు, దేనికీ పనికిరాలేదు. 1923లో ఓస్రామ్‌లో కార్ల్ ష్రోటర్ ఆ పొడిలో కొద్దిగా కోబాల్టు పొడి కలిపి, అచ్చులో నొక్కి, కొలిమిలో కాల్చాడు. కోబాల్టు కరిగి కార్బైడు రేణువుల మధ్య సున్నంలా పట్టుకుంది. మన వీధి గోడలో రాళ్ళు కార్బైడు, సున్నం కోబాల్టు అనుకోండి. కోబాల్టు పాలు పెంచితే ముక్క దెబ్బకు ఆగుతుంది గాని త్వరగా అరుగుతుంది. తగ్గిస్తే అరగదు గాని పగులుతుంది. ఈనాటి వందలాది గ్రేడులన్నిటికీ మూలం ఇదే బేరం.

ఎసెన్‌లోని క్రుప్ కంపెనీ ఆ హక్కులు కొని 1926లో తయారీ మొదలుపెట్టింది. 1927లో లైప్‌జిగ్ సంతలో ప్రదర్శించింది. జర్మను భాషలో ‘వజ్రంలాంటిది’ అనే మాటల మొదటి అక్షరాలు కలిపి దానికి ‘విడియా’ అని పేరుపెట్టారు. ఆ పేరు మన దేశంలో ఎంత నాటుకుందంటే, ఏ కంపెనీ కార్బైడు ముక్కనైనా మన టర్నర్లు విడియా అనే అంటారు. వనస్పతిని డాల్డా అన్నట్టే.

ఇప్పుడు ధర సంగతి. 1928లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ, క్రుప్ ఒక ఒప్పందానికి వచ్చాయి. అమెరికాలో అమ్మకం, ధర నిర్ణయం జనరల్ ఎలక్ట్రిక్‌వి. అక్కడికి క్రుప్ పోటీకి రాదు. ఒప్పందానికి ముందు అమెరికాలో పౌను సుమారు 50 డాలర్లకు దొరికిన సరుకు తర్వాత 453 డాలర్లయింది. నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. పౌనుకు 453 డాలర్లంటే గ్రాముకు ఇంచుమించు ఒక డాలరు. అప్పట్లో బంగారం ఔన్సు 20 డాలర్ల 67 సెంట్లు, అంటే గ్రాము 66 సెంట్లు. ఇనుమును కోసే ముక్క బంగారంకన్నా ఒకటిన్నర రెట్లు ఖరీదు! ముక్కలో మార్పేమీ లేదు. మారినదల్లా కాగితం మీద సంతకాలు. 1940లో అమెరికా ప్రభుత్వం దీని మీద కేసు పెట్టింది. యుద్ధం వల్ల విచారణ ఆగి, 1948లో కంపెనీ దోషి అని తీర్పు వచ్చింది. కేసు పడ్డాక ధర పదో వంతుకు దిగింది. ఇన్నేళ్ళూ ఈ ధర భయానికి అమెరికా వర్క్‌షాపులు కార్బైడును ముట్టుకోకుండా పాత బిట్లతోనే నెట్టుకొచ్చాయనీ, జర్మనీలో మాత్రం అది ధారాళంగా వాడకంలోకి వచ్చిందనీ ప్రభుత్వం వాదించింది. ఫిలిప్ మెకెన్నా అనే ఆయన 1938లో సొంత మిశ్రమంతో కెన్నామెటల్ పెట్టడమూ ఈ కాలంలోనే జరిగింది. ఇదే కెన్నామెటల్ 2002లో విడియాను కొనేసింది.

మన దేశానికి వద్దాం. స్వీడన్‌కు చెందిన శాండ్విక్ 1960లో పూనాలో అడుగుపెట్టింది. విడియా 1960ల మధ్యలో బెంగుళూరుకు వచ్చింది. లేతులు చేయడం మనవాళ్ళకు అంతకుముందే తెలుసు. హరిహర్‌లో మైసూరు కిర్లోస్కర్ 1941లోనూ, మన సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లోనూ మొదలయ్యాయి. పంజాబులోని బటాలా లేతులు వీటిలో సగం ధరకే వచ్చేవి. చిన్న షాపులవాళ్ళు వాటితోనే బతికారు. వాటిని చిన్నచూపు చూసిన పెద్ద ఇంజనీర్లను నేనెరుగుదును, వాటి మీద పని చేసి ఇల్లు కట్టుకున్న టర్నర్లనూ ఎరుగుదును.

నేను ఉద్యోగంలో చేరేనాటికి విదేశీ టూలు కావాలంటే 1947 నాటి దిగుమతి, ఎగుమతి నియంత్రణ చట్టం కింద లైసెన్సు ఉండాలి. చిన్న పరిశ్రమ యజమాని ముందు మా శాఖ నుంచి ‘ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్’ తెచ్చుకోవాలి. ఆ సరుకు అతనికి అవసరమేననీ, అతను సొంత వాడకందారేగాని మారుబేరం చేసేవాడు కాదనీ మేము ధ్రువపరచాలి. యంత్రాల జాబితా, గత సంవత్సరాల వాడకం, చార్టర్డ్ అకౌంటెంటు సంతకం, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు అన్నీ జతపరచాలి. ఒక కొర్రీ పడితే ఫైలు నెల వెనక్కి వెళ్ళేది. జేబులో పట్టే టిప్పుల కోసం ఫైలు బెత్తెడు మందం అయ్యేది. లైసెన్సు చేతికొచ్చాక కస్టమ్స్ సుంకం సిద్ధంగా ఉండేది. 1991లో తగ్గించాక కూడా గరిష్ఠ సుంకం నూటికి 150 ఉండేది. ఇంత తతంగం దాటి వచ్చిన విదేశీ ముక్కను టర్నరు పసుపు కుంకుమలు పెట్టి పూజించినంత పని చేశాడంటే ఆశ్చర్యం ఏముంది? ‘ఫారిన్ సరుకు గొప్పది’ అన్న నమ్మకంలో సగం వాటా మా ఫైళ్ళదేనని నా అనుమానం.

1992 విధానంతో పరిశ్రమలకు కావలసిన సరుకులో చాలాభాగం లైసెన్సు చెరనుంచి బయటపడింది. పాత చట్టం పోయి విదేశీ వాణిజ్య చట్టం వచ్చింది. సుంకాలు అంచెలంచెలుగా తగ్గాయి. ఒకప్పుడు ‘ఫారిన్’ అంటే ఖరీదు అని అర్థం. పది పదిహేనేళ్ళలో అదే మాటకు చవక అని అర్థం వచ్చింది. మా తరానికి ఇది తలకిందుల వ్యవహారం. అందుకే మనకు ఈ చవక మీద నమ్మకం కుదరదు.

అయితే నేడు ఖరీదైన పేర్లుగా వెలుగుతున్నవారు కూడా ఒకనాడు ఎవరూ ఎరగనివారే. యుద్ధం తర్వాత జపాను సరుకంటే నాసిరకమని లోకమంతా నవ్వింది. ఆ దేశపు కార్బైడు కంపెనీలను ఇప్పుడు నవ్వేవాడు లేడు. ఇజ్రాయెల్‌లో స్టెఫ్ వెర్ట్‌హైమర్ 1952లో తన ఇంట్లోనే మొదలుపెట్టిన ఇస్కార్‌లో 80 శాతం వాటాను 2006లో వారెన్ బఫెట్ కంపెనీ 400 కోట్ల డాలర్లకు కొన్నది. దక్షిణ కొరియా సంగతి చెప్పాలంటే, 1950లలో ఆ దేశానికి విదేశీ ద్రవ్యం తెచ్చిపెట్టిన ప్రధాన సరుకే సాంగ్‌డాంగ్ గనిలోని టంగ్‌స్టన్ ఖనిజం. ఖనిజాన్ని అమ్ముకున్నవారు తర్వాత టిప్పులు చేసి అమ్మారు.

చైనాదీ అదే దారి, కాని చాలా పెద్ద ఎత్తున. ప్రపంచంలో గనుల నుంచి తీసే టంగ్‌స్టన్‌లో సుమారు 80 శాతం ఆ దేశానిదే. 1950లలో తొలి పంచవర్ష ప్రణాళికలో సోవియట్ సాయంతో హునాన్ రాష్ట్రంలోని ఝూఝౌలో కార్బైడు కర్మాగారం కట్టారు. ఖనిజం సొంతం, పొడి సొంతం, కొలిములు సొంతం. అలాంటివారికి చవకగా అమ్మగలగడం వింత కాదు. అక్కడ మేలైన టిప్పులు చేసే కంపెనీలూ ఉన్నాయి. ఊరూపేరూ లేని డబ్బాల్లో నింపి తూకానికి అమ్మేవారూ ఉన్నారు. ‘చైనా టిప్పు’ అని అందరినీ ఒకే గాట కట్టడం వల్లనే మన మాటల్లో గందరగోళం వస్తోంది.

ఇప్పుడు మావాడి పుస్తకం విప్పుతాను. ఈ అంకెలు సులువు కోసం గుండుగా వేసుకున్నవి. ఎవరి షాపు అంకెలు వారు వేసుకోవచ్చు. నాలుగు మూలలూ వాడుకోగల ఇన్సర్టు పేరున్న కంపెనీది 400 రూపాయలు, చవకది 100 అనుకుందాం. మూల ఒక్కింటికి 100, 25. ఖరీదైన మూల 60 పిన్నులు తీస్తే చవక మూల 20 తీసిందనుకుందాం. పిన్నుకు టూలు ఖర్చు మొదటిదానికి ఒక రూపాయి 67 పైసలు, రెండోదానికి రూపాయి పావలా. ఇంతవరకే చూస్తే చవకదే లాభం. కాని మూల మార్చి మళ్ళీ సైజు కుదుర్చుకోవడానికి మూడు నిమిషాలు పడుతుంది. మిషను గంటకు 300 రూపాయల లెక్కన అది 15 రూపాయలు. 60 పిన్నులకు ఖరీదైనది ఒక్కసారి మారుస్తాం, మొత్తం 115. చవకది మూడుసార్లు మారుస్తాం, 75కు 45 కలిపి 120. అంటే రెండూ ఇంచుమించు సమానమే. ఇక ఆ అరవైలో చవక మూల అనుకోకుండా విరిగి ఒక్క పిన్ను పాడైతే, ఆ పిన్ను సరుకు 200 రూపాయలదైతే? అప్పుడు పిన్నుకు అదనంగా మూడు రూపాయల 33 పైసలు. టూలు మీద మిగిల్చిన పైసలన్నీ తుడిచిపెట్టుకుపోయి, ఎదురు అప్పు మిగులుతుంది.

కనుక టిప్పు ధరను టిప్పు ధరతో పోల్చడం దండగ. టిప్పు ధరను అది పాడుచేయగల సరుకు ధరతో పోల్చాలి. బోల్టులు, బుష్షులు, ఇత్తడి, అల్యూమినియం, తుప్పుపట్టిన పాత షాఫ్టు పైపొర తీయడం, వెల్డింగు పోసిన చోట గరుకు తీయడం, కుర్రవాళ్ళకు పని నేర్పడం – వీటికి చవక టిప్పు చక్కగా సరిపోతుంది. వెల్డింగు గడ్డల మీద 400 రూపాయల ముక్కను పగలగొట్టుకోవడం వృథా. పార్టీ సొంత సరుకు ఇచ్చి ‘నూరో వంతు మిల్లీమీటరు తేడా రాకూడదు’ అంటే మాత్రం, అక్కడ చవకకు పోతే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

చవక డబ్బాల అసలు జబ్బు మెత్తదనం కాదు, నిలకడ లేకపోవడం. మావాడు మూడు నెలలపాటు ప్రతి మూలకూ ఎన్ని పిన్నులు వచ్చాయో రాసి ఉంచమంటే రాశాడు. ఒక డబ్బాలో పదికి పదీ బాగా నడిచాయి. అదే అంగడిలో అదే పేరుతో కొన్న తర్వాతి డబ్బాలో మూడు ముక్కలు మొదటి కోతలోనే మొన విరిగాయి. “పెదనాన్నా, ఇది లాటరీ టికెట్టులా ఉంది” అన్నాడు. అందుకని ఇప్పుడు ఒక్కొక్క డబ్బా తెచ్చి, పనికిరాని కడ్డీ మీద చూసి, తర్వాతే అదే లాటు నంబరువి మరికొన్ని తెస్తున్నాడు. హోల్డరు మాత్రం మంచిదే కొంటాడు. చవక హోల్డర్లలో ముక్క కూర్చునే గూడు సమంగా ఉండదు. కూర్చున్న ముక్క అదిరితే ఎంత మంచి కార్బైడైనా పగులుతుంది. వాటి స్టార్ స్క్రూ తల నాలుగైదుసార్లు విప్పేసరికి అరిగిపోతుంది. హోల్డరు ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి ఉండేది, అక్కడ పిసినారితనం పనికిరాదు.

మరో మాట, దీన్ని అంగడివాడు చెప్పడు. పాత బెల్టు లేతు ఉన్నవారికి కార్బైడే సగం పనులకు అనవసరం. కార్బైడు మామూలు ఉక్కు మీద నిమిషానికి 150 మీటర్ల వేగంలో బాగా కోస్తుంది, హెచ్.ఎస్.ఎస్. బిట్టుకు 30 మీటర్లు చాలు. 50 మిల్లీమీటర్ల షాఫ్టుకు అది నిమిషానికి 955 చుట్లు, ఇది 191 చుట్లు. 20 మిల్లీమీటర్ల కడ్డీకైతే కార్బైడుకు సుమారు 2,400 చుట్లు కావాలి. పాత లేతు అంత తిరగదు, తిప్పినా వణికిపోతుంది. వేగం చాలక ఇనుము ముక్క మొనకు అతుక్కుని, ఊడినప్పుడు మొనను కూడా పట్టుకుపోతుంది. అప్పుడు టర్నరు చైనావాణ్ణి తిడతాడు. తప్పు చైనాది కాదు, జర్మనీది తెచ్చినా అక్కడ అంతే. అలాంటి షాపులో నాలుగు మంచి హెచ్.ఎస్.ఎస్. బిట్లు, సాన పట్టడం తెలిసిన చెయ్యి ఉంటే చాలు.

అన్నిటికన్నా ప్రమాదం చవక సరుకు కాదు, చవక సరుకు ఖరీదైన డబ్బాలో రావడం. మన సభ్యుడొకరి అబ్బాయి స్టెయిన్‌లెస్ స్టీలు స్పిండిళ్ళ ఆర్డరు తీసుకుని, ఒక అంగడిలో పేరున్న కంపెనీ టిప్పులు ‘డిస్కౌంటు’లో వచ్చాయని కొన్నాడు. డబ్బా, ముద్ర, బంగారు రంగు పూత అన్నీ సవ్యంగానే ఉన్నాయి. స్పిండిళ్ళ మీద గీతలు పడి, సైజు తప్పి, నలభై తిరిగి వచ్చాయి. సరుకు డబ్బు కట్టవలసి వచ్చింది. ఆ పెద్దాయన రెండు నెలల పింఛను దానికే పోయింది. అంగడివాడు బిల్లు ఇవ్వలేదు గనక అడిగే దిక్కులేకపోయింది. బంగారు రంగును చూసి మోసపోవద్దు. 1969లో శాండ్విక్ కార్బైడు మీద పలుచని గట్టి పూత వేసి అమ్మడం మొదలుపెట్టాక ఆయుష్షు చాలా పెరిగిన మాట నిజమే. కాని ఆ పసుపు రంగు ఎవరైనా వేయగలరు. చూడవలసింది డబ్బా మీద ఉన్న గ్రేడు, లాటు నంబరు, అంగడివాడి జి.ఎస్.టి. బిల్లు. డబ్బా మీద ఉక్కుకు నీలం, స్టెయిన్‌లెస్‌కు పసుపు, పోత ఇనుముకు ఎరుపు గుర్తులుంటాయి. సి.ఎన్.ఎం.జి. 120408 లాంటి అంకెలు ముక్క ఆకారాన్ని, కొలతను చెబుతాయే గాని లోపలి సరుకును చెప్పవు. చివరి 08 అంటే మొన గుండ్రదనం 0.8 మిల్లీమీటరు అని మాత్రమే. అదే అంకెలు నూరు రూపాయల ముక్క మీదా ఉంటాయి, నాలుగువందల ముక్క మీదా ఉంటాయి.

అతికించిన విడియా టూళ్ళను గ్రీన్ వీల్ మీద సాన పట్టే షాపుల ఇంటివారికి ఒక మనవి. ఆ దుమ్ములో కోబాల్టు ఉంటుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వస్తుంది. ముక్కుకు జేబురుమాలు చుట్టుకుంటే చాలదు. దుమ్మును లాగేసే ఏర్పాటు, సరైన మాస్కు ఉండాలి. కుర్రవాళ్ళు వినరు, మనమే కొనిచ్చి పెట్టించాలి.

చవక రోజులు కూడా ఎప్పుడూ ఒకేలా ఉండవని ఈమధ్య తేలింది. టంగ్‌స్టన్ ఎగుమతుల మీద చైనా పెట్టిన పరిమితులు చెల్లవని 2014లో ప్రపంచ వాణిజ్య సంస్థ తీర్పు ఇస్తే, మరుసటి ఏడు కోటాలు ఎత్తేశారు. మళ్ళీ 2025 ఫిబ్రవరిలో టంగ్‌స్టన్ సరుకుల ఎగుమతికి లైసెన్సు ఉండాలని చైనా ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. లైసెన్సు, వాడకందారు ధ్రువపత్రం! ఆ వార్త చదివి నేను నవ్వుకున్నాను, మా పాత సెక్షను ఇప్పుడు పీకింగులో తెరిచారని. ఆ ఏడాది ఖనిజం ధర బాగా పెరిగింది. రాణీగంజ్ అంగళ్ళలో చవక డబ్బాల ధర ఎక్కింది. ఖరీదైనవీ ఎక్కాయి.

అందుకే అరిగిన ముక్కలను చెత్తలో పారేయవద్దని మావాడికి చెప్పాను. ఒక్కో ముక్క బరువు సుమారు పది గ్రాములు, వంద పోగైతే కిలో. కార్బైడు తుక్కును మళ్ళీ పొడి చేసి కొత్త ముక్కలకు వాడతారు గనక కిలో లెక్కన కొనేవారున్నారు. ఇనుప తుక్కులో కలిపితే ఇనుము ధరే వస్తుంది, విడిగా పెట్టాలి. ఇప్పుడు లేతు పక్కన పాత బోర్నవిటా డబ్బా ఒకటి ఉంచి, పేరున్నవీ లేనివీ అన్నీ అందులోనే వేస్తున్నాడు. తుక్కు కొనే అతను వాటిని వేరుచేయడు, తూకం వేసి డబ్బిస్తాడు. గత సంక్రాంతి ముందు డబ్బా నిండింది. అమ్మిన మొత్తాన్ని పుస్తకంలో ‘ఇతర ఆదాయం’ పద్దు కింద జమ కట్టాను.